రెట్రో బైక్ కొనే ముందు బరువు, పవర్ లెక్కలు: నా అనుభవం

బండి బుక్ చేసి ఇప్పుడే ఇంటికొచ్చాను. ఒక షోరూమ్ మీద కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

మాది తిరుపతి. నాకు కావలసింది గుండ్రటి హెడ్‌లైటు ఉన్న పాతకాలం రూపు బండి. రోజూ లీలామహల్ సర్కిల్ ట్రాఫిక్‌లో ఆఫీసుకు, నెలకోసారి మా ఆవిడతో కొండకు. అంతకు మించి పనిలేదు.

ముందు కాగితం మీద లెక్క వేశాను. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350కి 20.2 బీహెచ్‌పీ (ఇంజన్ పవర్ కొలత), 195 కిలోలు. అదే కంపెనీ, అదే ఇంజన్ పెట్టిన హంటర్ 181 కిలోలే. హోండా హైనెస్ కూడా 181, పవర్ 20.8. ట్రయంఫ్ స్పీడ్ 400 అయితే 180 కిలోల లోపు బరువుకు 39.5 బీహెచ్‌పీ. కాగితం మీద దానికి ఎదురే లేదు. కొందరు పవర్ పీఎస్ అనే ఇంకో కొలతలో చెప్తారు, కంగారు పడకండి: 40 పీఎస్ అన్నా 39.5 బీహెచ్‌పీ అన్నా ఒకటే. అసలు తిరకాసు బరువులో ఉంది. కెర్బ్ వెయిట్ అంటే పెట్రోలు, ఆయిలు పోశాక ఉండే బరువు. డ్రై వెయిట్‌లో అవి ఉండవు. 13 లీటర్ల ట్యాంకు నింపితే పెట్రోలే పది కిలోల దాకా తూగుతుంది. ఒకదాని డ్రై, ఇంకోదాని కెర్బ్ పక్కపక్కన పెట్టుకుంటే లెక్క గంగలో కలిసినట్టే.

ఇక నా పరువు తీసిన షోరూమ్ సంగతి. పేరు చెప్పను, ఊరు చిన్నది. "కెర్బ్ వెయిట్ ఎంత తమ్ముడూ?" అని అడిగితే అక్కడి కుర్రాడు, "బరువెందుకు సామీ, ఎత్తుకొని పోతారా ఏంది?" అన్నాడు. పక్కన ఇద్దరు కిసుక్కుమన్నారు. సరేనని టెస్ట్ రైడ్ అడిగాను. బండి సెల్లార్‌లో ఉంది. అదీ వాలులో, ముందు చక్రం గోడకు ఆనించి. తాళం నా చేతిలో పెట్టి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఎక్కి కూర్చుని కాళ్లతో వెనక్కి తోశాను, కదల్లేదు. దిగి ఒక చేత్తో హ్యాండిల్, ఇంకో చేత్తో సీటు వెనక కమ్మీ పట్టుకుని లాగాను. జానెడు వచ్చి మళ్లీ గోడకే పోయింది. దుమ్ములో చెప్పులు జారుతున్నాయి, చొక్కా వీపుకు అతుక్కుపోయింది. చివరికి వాచ్‌మన్ తాత వచ్చి ముందు నుంచి తోస్తే బయటపడింది. "మీ పర్సనాలిటీకి స్కూటరైతే సుఖం సామీ" అన్నాడు కుర్రాడు, మా ఆవిడ ముందే!

రివర్స్ గేరు లేని బండిని వాలులో గోడకు ఆనించి పెట్టిన వాళ్లకుండాలి బుద్ధి. కాఫీలు, కూల్‌డ్రింకులు ఇవ్వకపోయినా పర్లేదు, కొనడానికి వచ్చినవాడితో వెటకారాలేంటి?

ఆ రాత్రి లెక్క మళ్లీ తీశాను. మేమిద్దరం కలిసి 120 కిలోలు. క్లాసిక్‌తో కలిపితే 315, హంటర్‌తో 301. అంటే ఇద్దరం ఎక్కాక ఆ 14 కిలోల తేడా ఐదు శాతం కూడా లేదు. తేడా తెలిసేదంతా సెల్లార్‌లో, ఇంటి గేటు దగ్గర, చేత్తో తోసేటప్పుడు. అప్పుడు ఇంజన్ ఆఫ్‌లో ఉంటుంది కాబట్టి ఎంత బీహెచ్‌పీ ఉన్నా దండగే.

కొండకు టార్క్, అంటే ఇంజన్ తిప్పే బలం, చూసుకోవాలి. హైనెస్‌కు 30 ఎన్ఎమ్ (టార్క్ కొలత), అదీ 3000 ఆర్‌పీఎమ్‌కే, అంటే ఇంజన్ నిమిషానికి 3000 చుట్లు తిరిగేటప్పుడే. క్లాసిక్, హంటర్‌లకు 27, 4000 దగ్గర. స్పీడ్ 400కు 37.5 ఉంది గానీ పూర్తిగా అందేది 6500 దగ్గర. ఘాట్ రోడ్డులో బస్సు వెనక రెండో గేరులో పాకేవాడికి అన్ని ఆర్‌పీఎమ్‌లు ఎందుకు? బీహెచ్‌పీ చూసి ఎగబడే కుర్రాళ్లకు ఇది చెప్పినా ఎక్కదు, మా బామ్మర్దికే ఎక్కలేదు.

హైనెస్ బుక్ చేశాను. లోను, కాగితాలు గంటలో అయిపోయాయి. మీరు వెళ్తే మాత్రం వెనక మనిషిని కూర్చోబెట్టుకునే టెస్ట్ రైడ్ చేయండి. ఇంజన్ ఆపి, ఎత్తు మీదకు నాలుగడుగులు తోసి చూడండి. వద్దంటే బయటికొచ్చేయండి.

డెలివరీ వచ్చే వారం, పూజ కాణిపాకంలో. ఆ షోరూమ్ నుంచి ఆఫర్ మెసేజ్‌లు ఇంకా వస్తూనే ఉన్నాయి. కెర్బ్ వెయిట్ ఎంతో ఒక్కదాంట్లోనూ లేదు.