లాక్టోజ్ వెంట ప్రోటాన్

మంగళవారం, రాత్రి

పొద్దున్నుంచి సెంట్రిఫ్యూజ్ దగ్గరే సరిపోయింది. ఈ.కోలై బ్యాక్టీరియా కణాలను కడిగి, మళ్లీ కడిగి, బఫర్ ఆనవాలు లేకుండా చేసేసరికి మధ్యాహ్నం దాటింది. బఫర్ మిగిలితే కథ కంచికే. పీహెచ్‌లో, అంటే ఆమ్లత్వం కొలతలో, వచ్చే ఆ కాస్త మార్పునూ అది మింగేస్తుంది. చిక్కటి కణాల ద్రవాన్ని బీకర్‌లో పోసి, కణాల శ్వాసక్రియ ఆగేలా నైట్రోజన్ పంపించి ఆక్సిజన్‌ని తరిమేశాం. మీటర్‌లో అంకెలు కుదురుకునేదాకా ఒకటే టెన్షన్.

జూనియర్ పిపెట్‌తో లాక్టోజ్, అదే పాల చక్కెర, వేసింది. కాసేపటికే రెండో దశాంశంలో అంకె పైకి జరిగింది.

"అక్కా, పెరుగుతోందేంటి? చక్కెర తింటే యాసిడ్ రావాలి కదా, తగ్గాలి కదా?"

అడగాల్సిన ప్రశ్నే. మా దగ్గరున్న రకానికి లాక్టోజ్‌ను విడగొట్టే ఎంజైమ్ లేదు. తినలేదు, లోపలికి తీసుకోగలదంతే. తీసుకునేటప్పుడు ఒక్కో లాక్టోజ్ అణువుతో పాటు ఒక్కో ప్రోటాన్ (హైడ్రోజన్ అయాన్) కూడా పోతుంది. ద్రవంలో ఇవి ఎంత తగ్గితే పీహెచ్ అంత పెరుగుతుంది. బయట ప్రోటాన్లు తగ్గాయి కాబట్టి పీహెచ్ పెరిగింది. శాస్త్రవేత్త ఇయాన్ వెస్ట్ 1970లో చూపించింది ఇదే.

నీరు పల్లమెరుగు అంటారే, ఇక్కడా అంతే. ఇవాళ బయట లాక్టోజ్ దండిగా ఉంది కాబట్టి అది లోపలికి దిగుతూ ప్రోటాన్‌ను ఈడ్చుకెళ్లింది. మామూలుగా బతికే కణంలో వ్యవహారం తిరగబడుతుంది. శ్వాసక్రియలో వచ్చిన శక్తితో కణం ప్రోటాన్లను బయటికి నెడుతుంది. అవి వెనక్కి దిగేటప్పుడు లాక్టోజ్‌ను వెంటబెట్టుకొస్తాయి. లోపల వంద రెట్లు పోగుపడినా ఆగవు. ఈ పనంతా చేసేది లాక్‌వై అనే ఒక్క ప్రోటీన్. 417 అమైనో ఆమ్లాలు, కణం పొరను పన్నెండు సార్లు దాటే మెలికలు. ఒకసారి బయటికి తెరుచుకుంటుంది, ఒకసారి లోపలికి. రెండువైపులా ఒకేసారి తెరుచుకుందంటే ప్రోటాన్లు ఊరికే కారిపోతాయి, పెట్టిన ఖర్చంతా వృథా. అదే బ్యాక్టీరియా మాల్టోజ్ అనే మరో చక్కెరకు మాత్రం నేరుగా ఏటీపీనే (కణంలో శక్తిని మోసే అణువు) ఖర్చుపెడుతుంది, ఒక్కో అణువుకు రెండేసి.

ప్రోటాన్లతో ఇంత పని జరుగుతుందని బ్రిటిష్ శాస్త్రవేత్త పీటర్ మిచెల్ 1961లో చెబితే చాలామంది నమ్మలేదు. ఆయన కార్న్‌వాల్‌లో ఓ పాత బంగళాను బాగుచేయించి, ల్యాబ్ అక్కడే పెట్టుకున్నారు. నోబెల్ 1978లో వచ్చింది. మా గైడ్ ముందు ఈ బంగళా సంగతి ఎత్తకూడదు, గంట పోతుంది.

రాత్రి మెస్‌లో పెరుగు వేసుకుంటూ జూనియర్ మళ్లీ మొదలెట్టింది, "మరి ఇందులోవి?" అని. తోడులో ఉండే స్ట్రెప్టోకాకస్ థర్మోఫిలస్ అనే బ్యాక్టీరియాది మరీ పొదుపు. అది శ్వాసించదు, పులియబెట్టి బతుకుతుంది. ప్రోటాన్లను బయటికి నెట్టాలంటే అరకొరగా వచ్చే ఏటీపీలోంచే తీయాలి. అందుకని లాక్టోజ్‌ను విడగొట్టి గ్లూకోజ్ వాడుకుని, అక్కర్లేని గెలాక్టోజ్‌ను బయటికి పంపుతూ దానికి బదులుగా ఇంకో లాక్టోజ్‌ను లోపలికి తెచ్చుకుంటుంది. అందుకే పెరుగులో గెలాక్టోజ్ మిగిలిపోతుంది. నాకైతే లాక్‌వై కంటే ఈ ఏర్పాటే నచ్చుతుంది. సిలబస్‌లో దీనికి చోటెందుకు ఇవ్వరో.

రేపు ఆక్సిజన్ ఇచ్చి, సీసీసీపీ అనే రసాయనం కలిపి చూడాలి. అది పొరలో ప్రోటాన్లకు దొంగదారి తెరుస్తుంది, కాబట్టి లాక్టోజ్ పోగుపడకూడదు. పోగుపడిందో, మళ్లీ కణాలు కడగడం దగ్గర్నుంచి మొదలు.