బైపాస్ కన్నా ఆ రెండు రాత్రులే కష్టం

ఆపరేషన్ జరిగి నేటికి 19 రోజులు. రొమ్ము ఎముక ఇంకా అతుక్కోలేదు. దగ్గు వస్తే దిండును ఛాతీకి గట్టిగా హత్తుకోవాలి. అయినా ఇప్పుడే రాస్తున్నాను. ఎముక అతుక్కునేసరికి నా కోపం చల్లారిపోవచ్చు, అప్పుడు సగం విషయాలు మర్యాద కోసం దాచేస్తాను.

నాకు 68 ఏళ్లు. మెట్లెక్కితే ఎడమ దవడ లాగేది. పంటి నొప్పి అనుకుని రెండు నెలలు పళ్ల డాక్టరు చుట్టూ తిరిగాను. నడిస్తే వచ్చి, ఆగితే తగ్గే నొప్పి దవడలో ఉన్నా గుండెదే కావచ్చని ఆయన ఒక్కసారైనా అనలేదు. యాంజియోగ్రామ్‌లో మూడు నాళాల్లోనూ బ్లాకులు కనిపించాయి. పైగా షుగర్. అలాంటివారికి స్టెంట్ల కన్నా బైపాసే ఎక్కువకాలం కాపాడుతుందని సర్జన్ చెప్పారు, ఒప్పుకున్నాను.

లెక్కల మాస్టారుగా పనిచేసినవాణ్ని, తెలియని దాంట్లో తల దూర్చను. వారం రోజులు కూర్చుని చదివాను. కాలి సిరతో దారి మళ్లించే పద్ధతిని 1967లో అర్జెంటీనా సర్జన్ రెనే ఫవలోరో అమెరికాలో నిలబెట్టారని, ఛాతీ లోపలి ధమనితో వేసిన దారి 10 ఏళ్ల తర్వాత కూడా 100లో 90 మందికి పైగా తెరుచుకునే ఉంటుందని, పొటాషియం ద్రావణంతో గుండెను ఆపి, అంతసేపూ రక్తాన్ని యంత్రంతో తిప్పుతారని తెలుసుకున్నాను. సంతకం పెట్టే ముందు రక్తస్రావం, పక్షవాతం, కిడ్నీలు, ఇన్ఫెక్షన్ అన్నీ చదివి వినిపించారు. డెలీరియం, అంటే ఆపరేషన్ తర్వాత కొద్దిరోజులు మతి తడబడటం, అన్న మాట మాత్రం ఎవరి నోటా రాలేదు.

ఆపరేషన్ గురించి చెప్పడానికేమీ లేదు. నిద్రపోయాను, లేచాను. గొంతులో గొట్టం మర్నాడు ఉదయానికే తీసేశారు.

ఆ రాత్రి మొదలైంది. పైకప్పు పలకల మీది చుక్కలు చీమలై గోడ మీదుగా దిగసాగాయి. మందులెక్కించే పంపు కూత నా బ్యాంకు ఖాతా నంబరును ఎవరికో చదివి వినిపిస్తున్నట్టు తోచింది. నన్ను ఏదో గిడ్డంగికి తీసుకొచ్చి రక్తం తోడేస్తున్నారని నమ్మాను. అనుమానం కాదు, పూర్తిగా నమ్మాను. ఛాతీలోని గొట్టం నుంచి రక్తం దిగే డ్రెయిన్ సీసాలో ఎర్రగా కనిపిస్తూనే ఉంది కదా! ఆ గొట్టం పీకబోతే చేతులు రెండూ మంచానికి కట్టేశారు. ఇది ఏ సంవత్సరమని అడిగితే 1987 అన్నానట. “ఈ ముసలాయనకు పిచ్చి పట్టింది, రాత్రంతా ఇంతే” అని ఒకతను నా మంచానికి అటువైపు ఉన్నవాడితో నవ్వుతూ అన్నాడు. అన్నీ మరిచిపోయాను గానీ ఆ నవ్వు మరిచిపోలేదు. మతి తప్పినవాడికి చెవులు పనిచేయవని ఎవరు చెప్పారు?

మర్నాడు చూడటానికి వచ్చిన కూతురిని “నువ్వు వాళ్ల మనిషివి, నా సంతకం కోసం వచ్చావు” అన్నాను. నా భార్యను ఎవరని అడిగాను. ఆమె కళ్లు తుడుచుకుంటూ బయటికి వెళ్లడం చూసి కూడా నాకేమీ అనిపించలేదు. ఇప్పుడు అది తలుచుకుంటే నిద్ర పట్టదు.

రెండో రాత్రి డ్యూటీకి మరో నర్సు వచ్చింది. నా కళ్లజోడు ఎక్కడుందో వెతికి పెట్టింది. ఒక చేతి కట్టు విప్పి, ఆ చెయ్యి పట్టుకుని, “మాస్టారూ, మీరు ఆస్పత్రిలో ఉన్నారు, ఆపరేషన్ బాగా జరిగింది, ఇప్పుడు రెండు గంటలైంది” అంది. మళ్లీ మూడింటికి వచ్చి అదే చెప్పింది. నాలుగింటికీ చెప్పింది. నా మంచం మీది దీపం ఆర్పింది. తెల్లవారేసరికి చీమలు లేవు.

మూడో రోజు మత్తు డాక్టరు రెండు నిమిషాల్లో తేల్చేశారు. వయసు మీరినవారికి గుండె ఆపరేషన్ తర్వాత ఇది తరచూ వస్తుందట. నొప్పి మందులు, నిద్ర లేకపోవడం, పగలూ రాత్రీ తెలియని దీపాలు, అన్నీ కలిసి మెదడును తడబాటుకు గురిచేస్తాయట. అది పిచ్చి కాదు, చాలామందికి కొద్దిరోజుల్లో తగ్గిపోతుంది. ఆ రెండు నిమిషాలు ఆపరేషన్‌కు ముందు మా వాళ్లకు కేటాయించి ఉంటే నా భార్య అంత ఏడ్చేది కాదు. కత్తి పట్టే చేతికున్న నైపుణ్యంలో పదో వంతైనా నోటికి ఉండాలి.

అందుకే ఆపరేషన్‌కు వెళ్లేవాళ్లు డెలీరియం గురించి మీరే అడగండి. కళ్లజోడు, వినికిడి యంత్రం ఉంటే మెలకువ రాగానే పెట్టమని చెప్పండి. మంచం మీది నుంచి గడియారం కనబడాలి. నిద్రమాత్రలో, మద్యమో అలవాటుంటే దాచకుండా డాక్టరుకు చెప్పండి. రోగి చీమలున్నాయంటే వాటి గురించి వాదించకండి, మీ పేరు చెప్పి పక్కన కూర్చోండి.

మిగిలినదంతా తేలికే. ఛాతీ కన్నా సిర తీసిన కాలే ఎక్కువ నొప్పి పెట్టింది. ఊపిరి వ్యాయామం పరికరంలో మూడు బంతులనూ ఐదో రోజుకే లేపాను. వార్డులో అది చేయగలిగింది నేనొక్కణ్నే.

వచ్చే వారం చూపించుకోవడానికి వెళ్లాలి. ఆ నర్సు డ్యూటీ ఎప్పుడో ఫోన్ చేసి కనుక్కున్నాను. రాత్రి ఎనిమిదికి వస్తుందట. డాక్టరు ఉదయమే చూసేసినా, ఎనిమిది దాకా నేను అక్కడే కూర్చుంటాను.