డ్రిప్పు పైపులు మా తోటకు ఎలా వచ్చాయంటే

డ్రిప్పు మీద సబ్సిడీ 90 శాతం అని మా జిల్లాలో ఎవర్ని అడిగినా చెబుతారు. ఐదెకరాల లోపు రైతు పది శాతం వాటా కడితే చాలు. ఎస్సీ, ఎస్టీ రైతులకు అదీ అక్కర్లేదు. వినడానికి ఇంత సులువైన పని మా మూడెకరాల చీనీ (బత్తాయి) తోటలో పూర్తి కావడానికి ఒక కరువేడు, దాని తర్వాత ఇంకో వానాకాలం కూడా దాటిపోయాయి. ఆలస్యమంతా భూమి కాగితాల దగ్గరే. కొత్తగా పెట్టుకోవాలనుకునే వాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

మాది అనంతపురం జిల్లా. ఏడాది మొత్తం మీద 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప. అది కూడా అదునుకు పడదు. పేరుకు తుంగభద్ర ఎగువ కాలువ, అంటే మేం హెచ్చెల్సీ అనేది, మాకు దగ్గరే. కానీ పొలానికి ఆ నీళ్లు పారి ఎన్నేళ్లయిందో పెద్దవాళ్లనే అడగాలి. కట్టినప్పుడు 133 టీఎంసీలు పట్టిన తుంగభద్ర డ్యాం, పూడిక చేరి ఇప్పుడు 105 టీఎంసీల పైచిలుకే పడుతోంది. కాలువ వచ్చిన ఏడు మా చెరువులోకి కాసిన్ని నీళ్లు చేరతాయి. చెరువులో నీళ్లుంటే దాని కింద బోర్లు బతుకుతాయి. మా వ్యవసాయమంతా ఈ లెక్క మీదే నడుస్తుంది.

2023లో ఆ లెక్క తప్పింది. దేశం మొత్తం మీద 1901 తర్వాత అంత పొడి ఆగస్టు లేదని వాతావరణ శాఖ చెప్పింది. డ్యాం నిండలేదు. రాష్ట్రంలో 103 మండలాలను కరువు మండలాలుగా ప్రకటించారు. మా బోరు ఇంచున్నర పోసేది ముప్పావు ఇంచుకు వచ్చింది. పగలు తొమ్మిది గంటల కరెంటుతో పాదులకు కాలువ కట్టి పారిస్తే ఒక చుట్టు పూర్తయ్యేసరికి మొదటి చెట్లు మళ్లీ వాడిపోయేవి. మా నాన్న బతికుండగా ఒకసారి ట్యాంకర్లు తోలించి చెట్లను కాపాడాడు. ఆ ఖర్చు చూసినవాణ్ని కాబట్టి ట్యాంకరు జోలికి పోదలుచుకోలేదు.

రైతు సేవా కేంద్రంలో ఉద్యాన సహాయకురాలు కంప్యూటర్‌లో నా ఆధార్ కొట్టి చూసింది. "అన్నా, భూమి మీ పేరు మీద లేదు కదా" అంది. నాన్న పోయాక వన్‌బీలో, అంటే భూమి ఎవరిదో చెప్పే రెవెన్యూ రికార్డులో, పేరు మార్పించలేదు. మా ఊళ్లో సగం మంది పరిస్థితి ఇదే, అవసరం పడేదాకా ఎవరూ ఆ ఊసెత్తరు. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తీసుకుని మ్యుటేషన్‌కు, అంటే పేరు మార్పుకు, పెట్టాను. అక్కడ తెలిసింది అసలు చిక్కు. ప్రభుత్వం భూములు మళ్లీ కొలిచిన రీసర్వేలో మా పాత సర్వే నంబరు పోయి ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబరు వచ్చింది. ఆ ఒక్క నంబరులో మా భూమీ, చిన్నాయన భూమీ కలిపేశారు. మధ్యలో గట్టు ఉంది, ఇద్దరం వేరువేరుగా దున్నుకుంటున్నాం, కాగితంలో మాత్రం ఇద్దరిదీ ఒకే ముక్క.

విడగొట్టాలంటే ఇద్దరూ అర్జీ పెట్టాలి, సర్వేయర్ వచ్చి కొలిచేటప్పుడు ఇద్దరూ ఉండాలి, ఇద్దరూ సంతకం పెట్టాలి. చిన్నాయనకు నాతో మాటల్లేవు. పాత గట్టు తగువు. పెద్దమనుషుల్ని పిలవడం కంటే నేరుగా పోయి అడగడమే మేలనిపించింది. ఆయన విని, తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, "నీకు పైపులు కావల్ల, నాకు గట్టు కావల్ల. ఇద్దరిదీ ఒగేసారి కొలిపిద్దాంపా" అన్నాడు. గట్టు మూరెడు నా వైపు జరిగింది. అంటే నా నేల మూరెడు ఆయన వైపుకు పోయింది. మూడెకరాల తోట ముందర అదొక లెక్కా! రెవెన్యూ ఆఫీసులో ఫైలు ఒక టేబుల్ నుంచి ఇంకో టేబుల్‌కు పోవడానికి పట్టిన కాలం మాత్రం తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఈలోగా 2024 ఆగస్టులో తుంగభద్ర డ్యాం నిండింది. నిండిందని సంబరపడేలోపే పదో తేదీ రాత్రి 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు దగ్గరుండి ఆ ఖాళీలో స్టాప్‌లాగ్‌లు, అంటే నీళ్లను ఆపే అడ్డు పలకలు, దింపించేదాకా ఊళ్లో అందరికీ ఒకటే టెన్షన్. కాలువ మీద ఆశ పెట్టుకున్నా బోరు మీద జాగ్రత్త మానకూడదని నాకు గట్టిగా అనిపించింది అప్పుడే.

కొత్త నంబరుతో వన్‌బీ చేతికొచ్చాక మిగతాది చకచకా సాగింది. వన్‌బీ, పాస్‌బుక్, ఆధార్, బ్యాంకు పుస్తకం, కరెంటు సర్వీసు నంబరు. డ్రిప్పు పథకంలో రిజిస్ట్రేషన్ అయ్యాక పైపుల కంపెనీని మనమే ఎంచుకోవచ్చు. ఇక్కడ ఒక మాట. రేటు అందరికీ దాదాపు ఒకటే కాబట్టి మీ మండలంలో ఎవరి మెకానిక్ ఫోన్ చేస్తే వస్తాడో ఆ కంపెనీ తీసుకోండి. నేను మొదట అనుకున్న కంపెనీ పైపులు పెట్టిన రైతునే అడిగాను. "బిగించి పోయినోడు మళ్లా కనపల్లేదు" అన్నాడు. దాన్ని వదిలేశాను.

సర్వేకు వచ్చిన కుర్రాడు ఫోన్ పట్టుకుని తోట చుట్టూ తిరిగి మ్యాప్ తీశాడు. చీనీకి మొదలు దగ్గర నీళ్లు పడకూడదని నేను పట్టుబట్టాను. మొదలు తడిగా ఉంటే బంక తెగులు వస్తుంది. అందుకే ప్రతి వరుసకూ రెండు వైపులా లేటరల్ (డ్రిప్పర్లుండే సన్న పైపు) వేసేలా డిజైన్ మార్పించాను. ఎస్టిమేట్ వచ్చాక నా వాటా ఆన్‌లైన్‌లో కట్టాను. మెయిన్ పైపుకు గాడి తవ్వించుకోవడం మన ఖర్చే, అది ఎవరూ ముందుగా చెప్పరు. మా నేలలో అడుగు లోతుకే రాయి తగిలింది, జేసీబీ పెట్టక తప్పలేదు.

ట్రయల్ రన్ రోజున వచ్చిన అధికారి నన్ను సంతకం అడగలేదు. తిన్నగా తోట చివరి వరుసకు పోయి, ఆఖరి డ్రిప్పర్ కింద ప్లాస్టిక్ మగ్గు పెట్టి, గడియారం చూసుకుంటూ కూర్చున్నాడు. గంటకు ఎనిమిది లీటర్లు పోయాల్సినది, పావుగంటకు రెండు లీటర్లు పడాలి. సగం కూడా నిండలేదు. ఫిల్టర్ విప్పితే లోపల బోరు ఇసుక. ఇసుక పట్టే ఇంకో ఫిల్టర్ బిగిస్తే తప్ప పని పూర్తయినట్టు ఫొటో తీయనని ఆయన కంపెనీ వాళ్లతో తేల్చి చెప్పాడు. పది రోజుల్లో బిగించారు. ఆయన ఆ మగ్గు పెట్టకపోతే చివరి వరుస చెట్లు ఎండేదాకా నాకు తెలిసేది కాదు. మీరూ చివరి వరుసలోనే చూడండి.

ఇప్పుడు వాల్వులు మార్చుకుంటూ మూడెకరాలూ ఒక్క పగట్లో తడుస్తున్నాయి. ఎండాకాలంలో ఉడుతలు పైపులు కొరుకుతాయి, నీళ్లలో ఉప్పు ఎక్కువై డ్రిప్పర్లు మూసుకుపోతాయి, అప్పుడప్పుడు యాసిడ్ పెట్టి కడగాలి. ఈ చాకిరీ తప్పదు.

నాకు ఒకటే అసంతృప్తి. 2003 నుంచి ఈ జిల్లాలో డ్రిప్పు పథకం నడుస్తోంది, కేంద్రం తన లెక్కన చిన్న రైతుకు 55 శాతం సబ్సిడీ ఖాయం చేస్తే మన రాష్ట్రం దాన్ని 90 దాకా పెంచింది. డబ్బు దగ్గర వెనకాడారనను, మంచి పనే చేశారు. కానీ డ్రిప్పుతో మిగిలిన నీళ్లు బోరులోనే ఉండిపోతున్నాయా? లేదు. మా పక్క తోటాయన మిగిలిన నీళ్లతో ఇంకో రెండెకరాలు చీనీ నాటాడు. నన్నూ నాటమని మా ఆవిడ అంటోంది. రైతుగా తప్పు పట్టలేను, చేతిలో నీళ్లుంటే ఎవరు మాత్రం నేల బీడు పెడతారు? అయితే ఇంకో 2023 వస్తే ఐదెకరాలకు నీళ్లు ఎక్కడ తేవాలి? పైపులు ఇచ్చేటప్పుడు ఇన్ని చెట్లకు మించి పెట్టనని మాట ఇమ్మని ఏ అధికారీ నన్ను అడగలేదు. అడిగి ఉంటే నేనూ గొణిగేవాణ్నేమో.

మిగిలిన నేలలో నేనైతే చీనీ నాటడం లేదు. ఉపాధి హామీ కింద సేద్యపు కుంటకు అర్జీ ఇచ్చాను. వాన నీళ్లు పారే పల్లం గట్టు పక్కనే ఉంది కాబట్టి ఈసారి కూడా చిన్నాయన ఒప్పుకోవాలి. సగం కుంట తన వైపు తవ్వుకుంటానంటున్నాడు.