వెళ్లడానికే టికెట్ ఉంది

"మేడమ్, రిటర్న్ టికెట్ చూపించండి."

శంషాబాద్ ఎయిర్‌పోర్టులో చెక్-ఇన్ కౌంటర్ దగ్గర అమ్మాయి మామూలుగానే అడిగింది. "లేదమ్మా, బ్యాంకాక్ వరకే తీసుకున్నాను" అన్నాను నేనూ మామూలుగానే. కీబోర్డు మీద ఆమె వేళ్లు ఆగిపోయాయి.

2025 జనవరి. సంక్రాంతి వెళ్లి మూడు రోజులైంది. బ్యాంకాక్‌లో దిగి, రైళ్లలో మెల్లగా దక్షిణానికి పోతూ, మలేషియా సరిహద్దు దాటాలని నా ఆలోచన. ఉద్యోగం చేసిన 31 ఏళ్లూ ఎక్కడికి వెళ్లినా తిరుగు ప్రయాణం తేదీ ముందే ఖాయమై ఉండేది. సెలవు ఎన్ని రోజులో, యాత్రా అన్నే రోజులు. రిటైరయ్యాక ఒక్కసారైనా నచ్చిన ఊళ్లో నచ్చినన్నాళ్లు ఉండాలనిపించింది. అందుకే వెళ్లడానికి మాత్రమే టికెట్ కొన్నాను.

"మనవాళ్లకి థాయిలాండ్ వీసా అక్కర్లేదు కదమ్మా, 60 రోజులు ఉండొచ్చు" అన్నాను. 2024 జూలైలో ఆ వెసులుబాటు ఇచ్చారు.

"ఉండొచ్చు మేడమ్. కానీ ఆ 60 రోజుల లోపల ఆ దేశం నుంచి బయటికి వెళ్తున్నట్టు టికెట్ కావాలి. హైదరాబాదుకే రానక్కర్లేదు, ఏ దేశానికైనా సరే."

నోట్‌బుక్ తీసి నా ప్లాన్ చూపించాను. హువా హిన్, సూరత్ థానీ, హాట్ యాయ్, పడాంగ్ బెసార్. పాపం, మొత్తం చదివింది. "రాసుకున్నది పనికిరాదు మేడమ్, టికెట్టే కావాలి."

తన స్క్రీన్ నావైపు తిప్పింది. ఏ పాస్‌పోర్టు వాళ్లకి ఏ దేశంలో ఏ కాగితాలు కావాలో చెప్పే టిమాటిక్ అనే వ్యవస్థ అది. విమాన సంస్థల అంతర్జాతీయ సంఘం అయాటా దాన్ని నడుపుతుంది. కౌంటర్లో కూర్చున్నవాళ్లు అందులో ఉన్నదాన్నే పాటిస్తారు. అక్కడ దిగాక నన్ను లోపలికి రానివ్వకపోతే వెనక్కి తీసుకురావాల్సిన బాధ్యత విమాన సంస్థదే, దాని మీద జరిమానా కూడా పడొచ్చు. అది విన్నాక నాకు ఆ అమ్మాయి మీద కోపం పోయింది. టెన్షన్ మాత్రం పోలేదు. కౌంటర్ మూయడానికి ఇంకా 40 నిమిషాలే ఉంది.

పక్కకి వచ్చి నిలబడ్డాను. వరసలో ఉన్న ఒక కుర్రాడు దగ్గరికొచ్చి, "ఆంటీ, ఆన్‌లైన్‌లో కొంచెం డబ్బు కడితే ఉత్తుత్తి టికెట్ ఇస్తారు, చూపించి పడేయండి" అన్నాడు. సాయం చేద్దామనే చెప్పాడు, తెలుసు. కానీ పరాయి దేశం అధికారి ముందు దొంగ కాగితం పట్టుకుని నిలబడటం నా వల్ల కాదు. వద్దు బాబూ అన్నాను.

మా అమ్మాయికి ఫోన్ చేశాను. "అమ్మా, ఏడవకు, అక్కడే ఉండు, నేను కొంటాను" అంది. నేను ఏడవడం లేదు, గొంతు మాత్రం అలా ఉంది. పది నిమిషాల్లో జనవరి 28న బ్యాంకాక్ నుంచి కౌలాలంపూర్‌కి టికెట్ వాట్సాప్‌లో వచ్చింది. 5,400 రూపాయలు, క్యాన్సిల్ చేస్తే తిరిగిరావు. ఇంట్లో తీరిగ్గా కూర్చుని వెతికి ఉంటే, కొంచెం ఎక్కువైనా డబ్బు వెనక్కిచ్చే టికెట్ కొనుక్కునేదాన్ని. కౌంటర్ అమ్మాయి ఆ నంబరు ఎక్కించుకుని, బోర్డింగ్ పాస్ ఇస్తూ "హ్యాపీగా వెళ్లిరండి మేడమ్" అంది.

తెల్లవారుజామున బ్యాంకాక్‌లో ఇమిగ్రేషన్ అధికారి నా మొహం, పాస్‌పోర్టు చూసి ముద్ర కొట్టేశాడు. టికెట్ మాట ఎత్తలేదు. ఖర్చులకి డబ్బుందా అని అడుగుతారేమోనని సంచిలో పెట్టుకున్న 20 వేల బాట్ (థాయ్ డబ్బు) గురించీ అడగలేదు. అసలు పరీక్ష శంషాబాద్‌లోనే అయిపోయిందన్నమాట.

ఆ తర్వాత రోజులు నేను కోరుకున్నట్టే గడిచాయి. హువా హిన్‌లో రెండు రోజులనుకుని నాలుగు రోజులున్నాను. రైళ్లు ఇప్పుడు పైన కట్టిన కొత్త స్టేషన్‌లో ఆగుతున్నాయి, కింద పాత చెక్క స్టేషన్‌ను అలాగే ఉంచారు. రోజూ సాయంత్రం దాని ముందు కూర్చునేదాన్ని. ఎర్రటి, మీగడ రంగు చెక్కల మీద ఎండ వాలుతుంటే లేవబుద్ధి అయ్యేది కాదు. రేపు బయలుదేరాలన్న తొందర లేకుండా ఒక ఊరిని చూడటం నాకు అదే మొదటిసారి. తిండికి "జే" అన్న ఒక్క మాట నేర్చుకున్నాను. మాంసం, చేపలు, గుడ్డు లేకుండా వండిపెడతారు.

హాట్ యాయ్ చేరాక మాత్రం హోటల్ గదిలో కూర్చుని ముందు కౌలాలంపూర్ నుంచి హైదరాబాదుకి టికెట్ కొన్నాను. మలేషియా వాళ్ల డిజిటల్ అరైవల్ కార్డు కూడా నింపాను, చేరడానికి మూడు రోజుల ముందు నుంచి నింపొచ్చు. 28 పొద్దున షటిల్ రైలెక్కాను.

పడాంగ్ బెసార్‌లో రెండు దేశాల ఇమిగ్రేషనూ ఒకే స్టేషన్‌లో ఉంటుంది. థాయ్ వైపు ముద్ర, నాలుగడుగులు వేస్తే మలేషియా కౌంటర్. అక్కడున్నావిడ తలెత్తి "రిటర్న్ టికెట్?" అంది. ఫోన్ తీసి చూపించాను. ముద్ర పడింది.

మేడ మీద క్యాంటీన్‌లో టీ తీసుకుని, బటర్‌వర్త్ రైలు కోసం కూర్చున్నాను. అక్కడ దిగి ఫెర్రీ ఎక్కితే పెనాంగ్. శంషాబాద్‌లో హడావిడిగా కొన్న ఆ విమానం అదే రోజు బ్యాంకాక్‌లో నేను లేకుండానే బయలుదేరుతుంది. మలేషియా టైమ్ థాయిలాండ్ కంటే గంట ముందు. చేతి గడియారం తీసి ముల్లు తిప్పుకున్నాను.