ముప్పై మిల్లీలీటర్లు, పావుగంట

బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకుని ఇంటికొచ్చిన మనిషికి మొదటి వారం పని ఒక్కటే, నీళ్లు తాగడం. తిండి సంగతి తర్వాత. మా సీమ ఇళ్లల్లో ఈ మాట ఎక్కించడమే కష్టం. "రోంత సంగటి తిను నాయనా, పేగులెండిపోతాయి" అంటుంది జేజి. ఆ రోంత దగ్గరే వస్తుంది చిక్కంతా.

స్లీవ్ ఆపరేషన్లో కడుపు సంచి నాలుగింట మూడొంతులు పోతుంది. మిగిలేది అరటికాయంత గొట్టం. కడుపు పైభాగాన్ని చిన్న సంచిగా చేసి పేగుకు కలిపే గ్యాస్ట్రిక్ బైపాస్ అయితే కోడిగుడ్డంత సంచి. కోసిన చోట పొడుగునా స్టేపుల్ పిన్నుల వరస ఉంటుంది, మొదటి రోజుల్లో ఆ గోడంతా వాచి ఉంటుంది. అందుకే పెద్ద గుక్క వేస్తే నీళ్లు కూడా దిగవు. రొమ్ము మధ్యలో పట్టేసినట్టు నొప్పి, నోటినిండా ఊట, ఆపైన తెల్లటి నురగ వాంతి. ఇంకో గుక్క తాగితే దిగిపోతుందిలే అనుకోవద్దు. గ్లాసు పక్కన పెట్టి, నిటారుగా కూర్చుని, పది పదిహేను నిమిషాలు ఆగాలి.

లెక్క ఇట్లా పెట్టుకోండి. టానిక్ సీసా మూతమీద గీతలుంటాయి. అది పది మిల్లీలీటర్లదైతే మూడు మూతలు, పావుగంటలో. గంటకు 120. మెలకువగా ఉండే పద్నాలుగు గంటలకు 1,680, అంటే లీటరున్నర దాటినట్టే. మొదటి రోజు లీటరు కూడా పోకపోవచ్చు, రోజురోజుకూ పెరగాలి. మూత్రం లేత పసుపులో ఉంటే లెక్క సరిగ్గా నడుస్తున్నట్టు. టీ డికాక్షన్ రంగుకు తిరిగిందంటే వెనకబడ్డారు. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు, అనంతపురం ఎండకు ఈ వెనకబాటు ఒక్క పూటలో వచ్చేస్తుంది. ఫోన్లో పావుగంటకొకసారి అలారం మోగుతుంటే ఇంట్లోవాళ్లు విసుక్కుంటారు. విసుక్కోనీయండి. స్ట్రా వద్దు, గాలి లోపలికి పోతుంది. సోడా అసలే వద్దు. నన్నారి షర్బత్, గ్లూకోజ్ పొడి చలవ చేస్తాయని కలిపిస్తారు గానీ రెండూ చక్కెరే. బైపాస్ అయినవాళ్లకు చెమటలు, గుండెదడ, విరేచనాలు పట్టుకుంటాయి.

డాక్టరు చిక్కటి ద్రవాలకు ఒప్పుకున్నాక వెన్న తీసిన పాలు, వడగట్టిన మజ్జిగ, కారం లేని పప్పుకట్టు, ఉలవకట్టు తేట. రాగిజావతో బలమొస్తుందని మనకు గట్టి నమ్మకం. వంద గ్రాముల రాగిపిండిలో ప్రొటీను ఏడు గ్రాములు. పల్చటి జావకు పడేది పదిహేను గ్రాముల పిండి, అంటే దొరికేది గ్రాము. రోజుకు కావాల్సింది 60 గ్రాములకు తక్కువ కాదు. కాబట్టి చక్కెర లేని ప్రొటీను పొడి తప్పదు. జావ తాగొద్దని కాదు, ఉన్న కాస్త చోటూ జావతోనే నింపేయొద్దని. మొదటి వారం 60 అందకపోయినా దిగులు పడక్కర్లేదు, నీళ్లు మాత్రం తగ్గకూడదు.

రక్తం గడ్డకట్టకుండా పొట్టకు వేసుకునే ఇంజెక్షన్ చాలామందికి రాసిస్తారు. బొడ్డుకు మూడు వేళ్ల దూరం వదిలి, ఒకరోజు కుడి, ఒకరోజు ఎడమ. చర్మాన్ని మడతగా పట్టుకుని సూది నిటారుగా దించాలి, మందంతా పోయేదాకా మడత వదలొద్దు. మందు నింపి వచ్చే సిరంజిలో గాలి బుడగ కనిపిస్తుంది, దాన్ని బయటికి నెట్టకండి. వేశాక రుద్దితే నల్లగా కమిలిపోతుంది. హైదరాబాదులోనో బెంగళూరులోనో చేయించుకుని కారులో వచ్చేవాళ్లు గంటకోసారి దిగి ఐదు నిమిషాలు నడవాలి. ఇంట్లో కూడా అంతే, పడుకుని ఉండిపోతే పిక్కల్లో రక్తం గడ్డ కడుతుంది. నడిస్తే భుజంలో పోటు కూడా తగ్గుతుంది, అది ఆపరేషన్లో పొట్టలోకి ఎక్కించిన గ్యాసు మిగులు. నిండు బిందె మాత్రం ఎత్తొద్దు, అది పది కిలోలకు పైమాటే. నాలుగైదు కిలోలు దాటినదేదైనా నెల దాకా వేరేవాళ్లే ఎత్తాలి.

మాత్రల దగ్గర పొరపాట్లు ఎక్కువ. మెడికల్ షాపులో నొప్పి బిళ్ల అనగానే ఇచ్చే పట్టీమీద పారాసెటమాల్ పక్కన ఎసిక్లోఫెనాక్ అనో డైక్లోఫెనాక్ అనో ఉందేమో చదవండి. ఉంటే వద్దు, కడుపు లోపల కోత దగ్గర పుండు పడుతుంది. ఎస్ఆర్, ఎక్స్ఆర్ అని రాసున్న మాత్రలను నూరి వేసుకోకూడదు, రోజంతా పనిచేయాల్సిన మందు ఒక్కసారే ఒంట్లో పడుతుంది. తిండి లేని మనిషి పాత మోతాదులోనే షుగర్ మాత్ర వేసుకుంటే షుగర్ పడిపోతుంది. గ్లిమిపిరైడ్ వాడేవాళ్లు డిశ్చార్జి రోజే అడిగి మార్పించుకోవాలి. నీరు తీసే బీపీ మాత్రల సంగతీ అడగండి, లేచి నిలబడగానే కళ్లు తిరగడానికి చాలాసార్లు కారణం అదే.

కదలకుండా కూర్చున్నప్పుడు కూడా నాడి నిమిషానికి 120 దాటి తగ్గకపోతే, జ్వరం లేకున్నా నొప్పి లేకున్నా, ఆగకుండా ఆసుపత్రికి బయలుదేరండి. కడుపు లోపలి కుట్ల వరస దగ్గర కారుతున్నప్పుడు మొదట మారేది చాలామందిలో నాడే. తగ్గాల్సిన భుజంపోటు పెరగడం, ఆయాసం, ఒక్క పిక్కలోనే వాపు, తారులాంటి విరేచనం, రోజంతా గుక్కెడు నీళ్లు కూడా నిలవకపోవడం, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా చూద్దాం అనుకోవద్దు.

వాంతులు రోజుల తరబడి ఆగకపోతే ఒంట్లో విటమిన్ బి1 అడుగంటుతుంది. ఆ స్థితిలో ఊళ్లో డాక్టరు దగ్గర గ్లూకోజ్ బాటిల్ ఒక్కటే ఎక్కిస్తే మెదడుకు దెబ్బ. ముందు బి1 ఇంజెక్షన్, తర్వాతే గ్లూకోజ్. ముక్కులోంచి కడుపులోకి గొట్టం వేయాలన్నా ఆపరేషన్ చేసిన సర్జన్‌ను అడక్కుండా వేయకూడదు, కుట్లు చిరిగే ప్రమాదముంది. రాత్రి రెండు గంటలకు మీ తమ్ముడికో మామకో ఇవన్నీ గుర్తుండవు. డిశ్చార్జి కాగితం జిరాక్సు తీసి, వెనకవైపు పెద్ద అక్షరాలతో ఈ రెండు సంగతులూ, సర్జన్ ఫోన్ నంబరూ రాసి, బండి తాళాలు తగిలించే మేకుకే గుచ్చి పెట్టండి.