పర్లాకిమిడి డీటీపీ షాపులో లైనక్స్: తెలుగు, ఒడియా ఒకే కాగితం మీదకి తెచ్చిన నా అనుభవం

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. మా షాపులో ఉన్నవి పాత మెషిన్లు, నాలుగు జీబీ ర్యామ్‌వి. విండోస్ 11 అడిగే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ వాటిలో లేదు. బాగా నడుస్తున్నవాటిని తుక్కుకి వేయడం ఇష్టం లేక, విండోస్‌కి బదులు ఊరికే దొరికే లైనక్స్ మింట్ 22 వేశాను, తేలిగ్గా ఉండే ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్‌తో. ఒడిశాలోని గుణుపురం, కాశీనగరం, రాయగడ వైపు నాలాగే రెండు భాషల్లో పని చేసేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి వివరంగా రాస్తున్నా.

ఇన్‌స్టలేషన్ గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. ఐఎస్ఓ ఫైలు (మింట్ మొత్తం ఉండే డౌన్‌లోడ్) సుమారు మూడు జీబీ. ఎనిమిది జీబీ పెన్‌డ్రైవ్‌లోకి ఎచర్ అనే ప్రోగ్రాంతో రాసి, మెషిన్ ఆన్ అవుతుండగా ఎఫ్12 (కొన్నిటికి ఎఫ్9, కొన్నిటికి ఎస్కేప్) నొక్కితే చాలు. హార్డ్‌డిస్క్ ముట్టుకోకుండా పెన్‌డ్రైవ్ మీదే నడిపి వైఫై, సౌండు, స్కానరు చూసుకోండి. ఎరేజ్ డిస్క్ అనే చోట డేటా మొత్తం పోతుంది, కాబట్టి బ్యాకప్ అంతకుముందే అయిపోవాలి. పాత హార్డ్‌డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ పెడితే తేడా మొదటి బూట్‌లోనే తెలుస్తుంది.

లైనక్స్‌లో ప్రింటర్లు పనిచేయవని మా దగ్గర సర్వీసు చేసేవాళ్లు భయపెడతారు. కొత్త మెషిన్ అమ్ముకోవాలనుకునేవాడి దగ్గర సలహా అడక్కండి. ఎయిర్‌ప్రింట్ అనే గుర్తు వేసి ఉన్న ప్రింటర్ అయితే డ్రైవర్ లేకుండానే, లైనక్స్‌లో ప్రింటింగ్ చూసుకునే కప్స్ పట్టుకుంటుంది. విండోస్ డ్రైవర్ మాత్రమే ఇచ్చే పాత చిన్న లేజర్లతోనే ఇబ్బంది. పెన్‌డ్రైవ్ మీద నడిపేటప్పుడే ఒక పేజీ కొట్టి చూస్తే సంగతి తేలిపోతుంది.

తర్వాత కీబోర్డు. మింట్ మెనూలో ఇన్‌పుట్ మెథడ్ అని ఒక అప్లికేషన్ ఉంది. అందులో తెలుగుకి విడిగా పేజీ ఉంది, ఒడియాకి లేదు. కంగారు పడక్కర్లేదు. తెలుగు కోసం ఐబస్ (రకరకాల భాషల్లో టైపు చేయించే ప్రోగ్రాం), ఐబస్-ఎం17ఎన్ ప్యాకేజీలు వేస్తే ఒడియా కూడా వాటితోనే వస్తుంది. ఐబస్‌ని ఎంచుకుని లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవ్వాలి. అప్పుడు ఐబస్ ప్రిఫరెన్సెస్‌లో యాడ్ నొక్కి రెండు భాషల ఇన్‌స్క్రిప్ట్‌లూ (మన లిపులకి ఒకే తీరులో ఉండే కీబోర్డు అమరిక) చేర్చుకోవాలి. జాబితాలో ఒడియా అని కనబడకపోతే ఒరియా అని వెతకండి. మారడానికి విండోస్ బొమ్మ ఉన్న కీ, స్పేస్ కలిపి నొక్కాలి.

సిస్టమ్ కీబోర్డు సెట్టింగ్స్‌లో మాత్రం తెలుగు, ఒడియా లేఅవుట్లు మళ్లీ చేర్చొద్దు. అక్కడ చేరిస్తే, తెలుగులో ఉండగా స్క్రీన్ లాక్ అయినప్పుడు పాస్‌వర్డ్ గడిలో కూడా తెలుగే పడుతుంది. చుక్కలు తప్ప ఏమీ కనబడవు కాబట్టి పాస్‌వర్డ్ ఎందుకు తప్పుతోందో తెలియదు. భాషల పని అంతా ఐబస్‌కే వదిలేయండి.

ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే ఆర్‌టీఎస్ పద్ధతి కూడా ఇందులో ఉంది, అలవాటున్నవాళ్లు వాడుకోవచ్చు. కానీ రెండు భాషల్లో బతికే మనకి ఇన్‌స్క్రిప్టే సరైనది. తెలుగులో క్ర రావాలంటే కె, డి, జె. ఒడియాలోనూ అవే మూడు కీలు. క్షకి కె, డి, తర్వాత షిఫ్ట్ పట్టి కామా, అదీ రెండింటికీ ఒకటే. వేళ్లకి ఒకసారి నేర్పిస్తే రెండు లిపులూ వచ్చేస్తాయి. ఇప్పుడు మా బజార్లో రెండు భాషలూ కీబోర్డు చూడకుండా కొట్టేది నేనొక్కణ్ణే.

ఆఫీస్‌లో లాంటి మాటల్లో సకి ల ఒత్తు పడి ఆఫీస్లో అయిపోతే, మధ్యలో కనబడని అక్షరం ఒకటి పెట్టాలి. కీబోర్డుని ఇంగ్లీషుకి మార్చి, కంట్రోల్, షిఫ్ట్, యూ కలిపి నొక్కి, 200సి అని కొట్టి ఎంటర్ నొక్కండి.

ఇంతవరకు అంతా తేలికే. అసలు బాధ వర్డ్ లాంటి లిబ్రే ఆఫీస్ రైటర్‌లో మొదలైంది.

కాలనీ తరఫున ఒక అర్జీ, పైన ఒడియా, కింద తెలుగు, ఒకే పేజీ. నా స్క్రీన్ మీద చక్కగా ఉంది. వర్డ్ ఫార్మాట్‌లోనే పంపాలని ఆఫీసువాళ్లు పట్టుబట్టారు, అలాగే పంపాను. వాళ్ల కంప్యూటర్లో తెరిచేసరికి ఒడియా అక్షరాలు చిన్నవై, తెలుగు పెద్దవై, సంతకాల వరుస రెండో పేజీకి దిగిపోయింది. లైన్లో ఉన్న జనం అందరి ముందు గుమస్తా ఆ కాగితాలు తిరిగి చేతిలో పెట్టి, ఊరికే దొరికిన సాఫ్ట్‌వేర్‌తో చేస్తే ఇలాగే ఉంటుందన్నాడు. అర్జీ ఇచ్చినవాళ్లు కూడా పక్కనే ఉన్నారు. ఆ మాట ఇప్పటికీ మంటగానే ఉంది, ఎందుకంటే అది అబద్ధం. ఊరికే దొరకడానికీ దీనికీ సంబంధమే లేదు.

జరిగింది ఇదీ. రైటర్ ప్రతి స్టైల్‌కీ ఫాంట్లని మూడు గడుల్లో దాచుకుంటుంది: ఇంగ్లీషు లాంటివాటికి వెస్టర్న్, చైనా, జపాన్ లిపులకి ఏషియన్, మన లిపులకి కాంప్లెక్స్ టెక్స్ట్. తెలుగూ ఒడియా రెండూ ఆ మూడో గడిలోకే వస్తాయి, గడి ఒక్కటే. అందులో మండలి అనే తెలుగు ఫాంట్ పెడితే అర్జీ మొత్తానికి ఫైల్లో మండలి అనే రాసి ఉంటుంది. మండలిలో ఒడియా అక్షరాలు లేవు. కాబట్టి సిస్టమ్ చడీచప్పుడు లేకుండా ఇంకో ఫాంట్ నుంచి తెచ్చి చూపిస్తుంది, స్క్రీన్ మీద లోపం కనబడదు. అవతల మెషిన్లో మండలీ లేదు, ఇక్కడ తెచ్చిన ఆ రెండో ఫాంటూ లేదు. అది తనకి తోచినవి పెట్టుకుంటుంది, వరుసల ఎత్తు మారిపోతుంది, పేజీ పొంగిపోతుంది. సైజు కూడా గడిగడికీ వేరు. వెస్టర్న్ గడిలో 14 పెట్టినంత మాత్రాన తెలుగు అక్షరం పెరగదు.

మందు ఇది. ముందు టూల్స్, ఆప్షన్స్‌లో లాంగ్వేజెస్ దగ్గర కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ టిక్ పెట్టి, భాష తెలుగు చేయండి. రైటర్ కింద బేసిక్ ఫాంట్స్ సీటీఎల్ (కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్‌కి పొట్టిపేరు) అనే చోట మీ తెలుగు ఫాంటూ సైజూ పెట్టండి. తర్వాత ఎఫ్11 నొక్కితే స్టైల్స్ తెరుచుకుంటాయి. అక్కడ ఒడియా పేరా అని కొత్త స్టైల్ తయారుచేసి, ఫాంట్ ట్యాబులో కాంప్లెక్స్ గడిలో నోటో సాన్స్ ఒరియా గాని లోహిత్ ఒడియా గాని పెట్టి, భాష ఒడియా అని ఎంచుకోండి. భాష మార్చకపోతే తెలుగు స్పెల్‌చెక్ ఒడియా మాటలన్నిటి కిందా ఎర్రగీతలు గీస్తుంది. ఒకే వాక్యంలో రెండు లిపులు కలిసే పెళ్లికార్డులకి ఇదే పని క్యారెక్టర్ స్టైల్‌తో చేయాలి. దీన్ని టెంప్లేట్‌గా సేవ్ చేసుకుంటే మళ్లీ ముట్టుకోనక్కర్లేదు.

సరిగ్గా కుదిరిందో లేదో పీడీఎఫ్ చెబుతుంది. ఎక్స్‌పోర్ట్ చేసి, మింట్‌లో పీడీఎఫ్‌లు చూపించే ఎక్స్‌రీడర్‌లో తెరిచి, ప్రాపర్టీస్‌లో ఫాంట్స్ ట్యాబు చూడండి. మీరు పెట్టిన ఫాంట్లే ఉండాలి. మీరు ఎంచుకోని పేరు ఒక్కటి కనబడినా ఎక్కడో ఒక పేరాకి స్టైల్ పడలేదని అర్థం. ఖాళీ వరుసలూ పట్టికల గడులూ ముందు వెతకండి.

ఆఫీసులకి ఇకమీదట పీడీఎఫ్ ఇవ్వండి, ఫాంట్లు అందులోనే ఇమిడి ఉంటాయి. వర్డ్ ఫైలే కావాలని మొండికేస్తే రెండూ పంపి, చూడాల్సింది పీడీఎఫ్ అని మెయిల్లో రాసి పెట్టండి. ఆ రాతే రేపు మీకు ఆధారం.

ఫాంట్ల గురించి ఒక మాట అనకుండా ఉండలేను. మండలి, సురవరం, రామభద్ర, గిడుగు, ఎన్టీఆర్ లాంటివి సిలికానాంధ్ర సంస్థ పూనికతో వచ్చినవి, ఎవరైనా వాడుకుని పంచుకోనిచ్చే ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఉన్నాయి. పోతన, వేమన 2000లు మింట్‌కి మూలమైన డెబియన్ లైనక్స్ ప్యాకేజీల్లోనే దొరుకుతాయి. కస్టమరుకి కాపీ ఇచ్చినా తప్పు కాదు. ఇన్ని ఉండగా దొంగ సీడీల్లో ఫాంట్లు వాడుతూ వాటితో చేసిన పనికి డబ్బు తీసుకోవడం మన వృత్తికి సిగ్గుచేటు.

విండోస్‌లో గౌతమితో చేసిన పాత ఫైళ్లు తెరిస్తే ఆ ఫాంట్ ఇక్కడ లేదు కాబట్టి వరుసల ఎడం మారుతుంది. ఆప్షన్స్‌లో ఫాంట్స్ దగ్గర రీప్లేస్‌మెంట్ టేబుల్లో గౌతమికి బదులు మీ ఫాంటు పేరు ఇచ్చి, వరుసల ఎడాన్ని ఫిక్స్‌డ్‌గా పెట్టుకుంటే పేజీలు నిలబడతాయి.

పాత డీటీపీ ప్రోగ్రాం పేజ్‌మేకర్ ఫైళ్లు వేరే సంగతి. లిబ్రే ఆఫీస్ డ్రా వాటిని తెరవగలదు, బొమ్మలూ గీతలూ వస్తాయి. కానీ తెలుగుకి అను, ఒడియాకి ఆకృతి లాంటి పాత ఫాంట్లతో కొట్టిన అక్షరాలు యూనికోడ్ కావు. లోపల ఉన్నది ఇంగ్లీషు గుర్తులే, పైన ఫాంటు తెలుగులా చూపిస్తుంది, అంతే. వాటిని కన్వర్టర్లో వేసి యూనికోడ్‌కి మార్చి, ఒత్తులూ గుణింతాలూ మనిషి కూర్చుని చదివి దిద్దుకోవాలి. పెళ్లికార్డుల పాత సరుకు మొత్తం మార్చాలని కూర్చోకండి, కస్టమరు అడిగినది అడిగినప్పుడు మార్చండి. అందాకా పాత విండోస్ మెషిన్ ఒకటి ఇంటర్నెట్ వైరు పీకేసి ఒక మూల ఉంచండి. దాంట్లోకి వెళ్లే ప్రతి పెన్‌డ్రైవ్‌నీ ముందు లైనక్స్ మెషిన్లో తెరిచి చూసుకోండి.