వేడినీటి బుగ్గ కొలతలు: పచ్చదనం మొదలయ్యే చోటు

బుగ్గ నుంచి పారే కాలువ వెంట ఉష్ణోగ్రతలు రాసుకునే పని సాగుతోంది. కొన్ని వారాలుగా ధార సన్నబడింది. నీళ్లు తొందరగా చల్లారుతున్నాయి కాబట్టి పచ్చటి పాచి బుగ్గ వైపు బాగా జరిగింది. కానీ పాచి అంచున ఉష్ణోగ్రత కొలిచే ప్రోబ్ పెడితే అంకె దాదాపు పాతదే, 70 డిగ్రీలకు కాస్త అటూ ఇటూ. దాదాపు 73 డిగ్రీలు దాటితే కిరణజన్య సంయోగక్రియ సాగదు. చోటు మారినా ఆ హద్దు మారకపోవడం నాకు ఎంతో సంతోషంగా అనిపించింది. ఇకపై దూరాలు కాకుండా ఉష్ణోగ్రతలే మ్యాపులో గుర్తిస్తాను.

ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌ను ఇక్కడ నమ్మలేం. ఆవిరి అడ్డొస్తుంది, పైగా నీటి పైపొర లోపలికంటే చల్లగా ఉంటుంది. పొడవాటి కర్రకు కట్టి నీళ్లలో ముంచే థర్మోకపుల్ ప్రోబే (లోహపు తీగలతో వేడిని కొలిచేది) నయం. బుగ్గ అంచున నేల పైకి గట్టిగా కనిపించినా లోపల గుల్లగా ఉండొచ్చు, దగ్గరికి వెళ్లకూడదు.

తిరకాసు పీహెచ్‌తోనే (నీళ్లు ఎంత ఆమ్లమో, ఎంత క్షారమో చెప్పే అంకె; తక్కువైతే ఆమ్లం). నీళ్లు పారుతుంటే కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయి పీహెచ్ పెరుగుతుంది. అంటే కాలువ వెంట వేడి తగ్గడం, పీహెచ్ పెరగడం రెండూ ఒకేసారి జరుగుతాయి. పాచిలో ఏ మార్పు దేనివల్లో తేల్చడానికి ఒక్క కాలువ చాలదు. ఆమ్ల బుగ్గలు చూస్తే తేడా తెలుస్తుంది: పీహెచ్ 4 కంటే తక్కువైతే సయనోబ్యాక్టీరియా (కిరణజన్య సంయోగక్రియ జరిపే బ్యాక్టీరియా) దాదాపు కనిపించవు. ఆ చోటు సయనిడియం లాంటి శైవలాలది, అవి కూడా సుమారు 56 డిగ్రీల వరకే.

రాయి నీడలో ఉన్న పాచి పచ్చగా, ఎండలోది నారింజ రంగులో ఉంది. రెండు చోట్లా వేడి ఒకటే. తీవ్రమైన వెలుతురు నుంచి కాపాడుకోవడానికి పాచిలోని సూక్ష్మజీవులు కెరోటినాయిడ్లు అనే పసుపు, నారింజ రంగు పదార్థాలు ఎక్కువగా తయారుచేసుకుంటాయి. రంగును బట్టి ఉష్ణోగ్రత చెప్పేయొచ్చని చాలామంది అంటారు గానీ, వెలుతురు కూడా రాసుకోకపోతే ఆ లెక్క తప్పుతుంది.

పచ్చదనానికి ఎగువన నీళ్లు ఖాళీగా కనిపిస్తాయి, ఖాళీ మాత్రం కాదు. డీఎన్ఏకు నకళ్లు తీసే పీసీఆర్ పరీక్షలకు, వేడిని తట్టుకునే ట్యాక్ ఎంజైమ్ ఇచ్చిన థర్మస్ అక్వాటికస్‌ 79 డిగ్రీల దాకా పెరుగుతుంది. అమెరికాలోని ఎల్లోస్టోన్ పార్కు బుగ్గల్లో దొరికిన ఆ బ్యాక్టీరియాను 1969లో థామస్ బ్రాక్, హడ్సన్ ఫ్రీజ్ వర్ణించారు. అనుమతి దొరికితే మా కాలువలో పచ్చదనానికి ఎగువన గాజు స్లైడ్లు కొన్నాళ్లు వేలాడదీసి, వాటికి ఏం అంటుకుంటుందో మైక్రోస్కోపులో చూస్తాను.